టేపు చుట్టిన చోట

చెన్నైలోని తిరువొత్తియూరులో 1950ల మధ్య నుంచి బుల్లెట్లు తయారయ్యాయి. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం 1961 నుంచి 1996 దాకా జావాలను, యెజ్దీలను రోడ్డెక్కించింది. కుప్పం నుంచి నేరుగా పడమటికి పోతే హోసూరు, అక్కడ టీవీఎస్. ఈ మూడు ఊళ్లకూ అందుబాటులో ఉన్న మిట్టనేల మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం. పాలక్యాన్లు కట్టుకుని తిరిగిన బుల్లెట్లు, పట్టుగూళ్ల మూటలు మోసిన రాజ్‌దూత్‌లు, తెల్లారకముందే మదనపల్లె టమోటా మార్కెట్టుకు పరుగెత్తిన యెజ్దీలు ఇక్కడ చేతులు మారుతూనే ఉన్నాయి. ఒక్కో బండికి నలుగురైదుగురు యజమానులు ఉండటం వింతేమీ కాదు.

ఆ యజమానుల్లో ఇంజను జోలికి పోయినవాళ్లు తక్కువ. పిస్టన్ పట్టేస్తే బండిని మేస్త్రీ దగ్గరికి తోసుకుపోతారు. వైరింగు దగ్గరికొచ్చేసరికి ఆ జంకు ఉండదు. బ్లేడు, నల్ల టేపు చుట్ట, ఇంట్లో మిగిలిన జానెడు వైరు ఉంటే ఎవరైనా చెయ్యి పెట్టేస్తారు. లైటు వెలిగితే పని అయిపోయినట్టే. నిజానికి ఆ బండిలో అసలు సమస్య అప్పుడే మొదలవుతుంది. వెలిగిన లైటు వైరింగు బాగుందని చెప్పదు. కరెంటు ఎలాగో ఒకలాగా దాటిందని మాత్రమే చెబుతుంది. దాటడానికి ఎంత చెల్లించుకుంది, దారిలో ఎక్కడ ఎంత వేడి పుట్టింది అనేవి టేపు కిందే ఉండిపోతాయి.

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో నేను తీసుకున్న బుల్లెట్టు అలాంటిది. ఇంజను గట్టిది. హెడ్‌లైటు మాత్రం పసుపు పచ్చగా, నీరసంగా వెలిగేది. హారన్ కొడితే ఆ కాస్త వెలుగూ తగ్గేది. ఎడమ ఇండికేటరు వేస్తే వెనకలైటు కూడా దానితో పాటే మినుకుమనేది. గతుకుల్లో ఒక్కోసారి అంతా ఆరిపోయి, మళ్లీ దానంతటదే వచ్చేది. ట్యాంకు దించి చూస్తే అసలు కారణాలు కనిపించాయి. కంపెనీ వేసిన రంగురంగుల వైర్లు సగంలో తెగి, వాటికి ఇంటి వైరింగులో వాడే ఎర్ర వైరు మెలిపెట్టి ఉంది. ఒకచోట టేపు, దాని మీద మళ్లీ టేపు, ఆ పైన పాలిథిన్ సంచి ముక్క. ఫ్యూజు ఉండాల్సిన చోట గాజు గొట్టం లేదు, పేనిన రాగి పోగులు ఉన్నాయి. హారన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు, ఇగ్నిషన్ తాళంతో దానికి సంబంధమే లేదు.

బండి అమ్మిన పెద్దాయనను అడిగితే దాచుకోకుండా చెప్పాడు. "రేత్రి పూట వి.కోట అడవిలో నిలబడిపాయె సామీ. ఏం జేసేది? దొరికిన వైరు జుట్టి ఇంటికొస్తిమి." ఆయన్ను తప్పుపట్టలేం. పలమనేరు నుంచి కుప్పం దాకా ఆ అడవుల్లోకి 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు వచ్చాయి. 1990లో అక్కడ కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. ఆ దారిలో చీకట్లో లైటు లేకుండా నిలబడ్డ మనిషికి సోల్డరింగు పాఠం చెప్పడం న్యాయం కాదు. ఆ రాత్రి ఆయన చేసింది సరైన పనే. తెల్లారాక విప్పి సరిచేయకపోవడమే లోపం. ఆపద్ధర్మంగా వేసిన ముడి ఏళ్ల తరబడి శాశ్వతంగా ఉండిపోతుంది. పాత బళ్ల వైరింగులో నూటికి తొంభై వంతులు ఇదే కథ అని నా నమ్మకం.

ఆ ముడి లోపల ఏం జరుగుతుందో చూడటానికి ముందు కరెంటు దారి ఒకసారి గుర్తుచేసుకుందాం. బ్యాటరీ ప్లస్సు నుంచి బయల్దేరిన కరెంటు తాళం, స్విచ్చి, బల్బు దాటుకుని తిరిగి మైనస్సుకు చేరాలి. పోయే దారికి వైరు ఉంది. వచ్చే దారికి చాలాచోట్ల వైరే ఉండదు. బండి ఇనుప ఫ్రేమే ఆ పని చేస్తుంది. దాన్నే మేస్త్రీలు ఎర్త్ అంటారు. వైరు ఆదా అవుతుంది, బరువు తగ్గుతుంది, తెలివైన ఏర్పాటే. కాకపోతే మడ్‌గార్డు బోల్టు తుప్పు పట్టినా, ఫ్రేముకు కొత్తగా పెయింటు వేయించినా ఆ దారి మూసుకుపోతుంది. పెయింటు మంచి ఇన్సులేటరు. బండిని కొత్తగా మెరిపించి ఇంటికి తెచ్చిన రోజే లైట్లు పోవడం ఈ ప్రాంతంలో చాలామందికి అనుభవమే. అప్పుడు బల్బులు మారుస్తారు, స్విచ్చి మారుస్తారు. బోల్టు కింద పెయింటు గీకాలని తోచదు.

ఎడమ ఇండికేటరు వేస్తే వెనకలైటు మినుకుమనడం కూడా ఈ కోవలోదే. వెనక మడ్‌గార్డు ఎర్త్ బాగుంటే ఇండికేటరు దాటిన కరెంటు నేరుగా ఫ్రేములోకి దిగిపోతుంది. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఆగిపోదు, ఇంకో దారి పడుతుంది. అదే మడ్‌గార్డుకు తగిలి ఉన్న వెనకలైటు బల్బులోకి వెనక నుంచి దూరి, దాని ఫిలమెంటు గుండా, దాని వైరు మీదుగా, ముందున్న ఇంకో బల్బు గుండా ఎర్త్‌కు చేరుకుంటుంది. ఇన్ని ఫిలమెంట్లు వరసగా దాటడంతో ఏదీ పూర్తిగా వెలగదు, అన్నీ కునుకుతాయి. సంబంధం లేని రెండు లైట్లు కలిసి వెలుగుతుంటే నేను ప్లస్సు వైపు చూడను. ముందు ఎర్త్ బోల్టు విప్పుతాను. ఈ ఒక్క సూత్రం చాలా గంటలు మిగులుస్తుంది.

ఇక ముడి సంగతి. జర్మనీలోని కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేసిన గియోర్గ్ ఓమ్ 1826లో వైర్ల మీద ప్రయోగాలు చేశాడు. అప్పట్లో ఉన్న బ్యాటరీలతో ఆయనకు పెద్ద చిక్కు వచ్చింది. వైరు కలపగానే బ్యాటరీ శక్తి పడిపోయేది, కొలతలు నిలిచేవి కావు. దాంతో ఆయన బ్యాటరీని పక్కనపెట్టి బిస్మత్, రాగి కలిపిన ఉష్ణయుగ్మం వాడాడు. ఒక కొసను మరిగే నీటిలో, ఇంకో కొసను మంచులో ఉంచితే వోల్టేజి కదలకుండా నిలబడేది. వేర్వేరు పొడవుల రాగి తీగలు ఒకదాని తర్వాత ఒకటి కలిపి కరెంటు కొలిచాడు. 1827లో అచ్చయిన ఆయన పుస్తకం సారం ఈనాడు పదో తరగతి పిల్లలకు తెలుసు. కరెంటును నిరోధంతో గుణిస్తే ఆ భాగం మీద పడిపోయే వోల్టేజి వస్తుంది. ఆ తర్వాత 1840ల తొలినాళ్లలో జేమ్స్ జౌల్ రెండో భాగం చెప్పాడు. పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. పాత బుల్లెట్టు ట్యాంకు కింద జరిగేదంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

లెక్క వేద్దాం. 12 వోల్టుల మీద 35 వాట్ల హెడ్‌లైటు సుమారు 2.9 ఆంపియర్లు లాగుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి వైరుకు మీటరుకు 0.017 ఓమ్‌ల నిరోధం. బండి మొత్తం పొడవే రెండు మీటర్లు. కాబట్టి మంచి వైరులో పోయేది దాదాపు ఏమీ లేదు. ఇప్పుడు దారిలో 0.2 ఓమ్‌ల ముడి ఒకటి పెడదాం. చెప్పుకోడానికి చిన్న సంఖ్య. కానీ ఆ వేలెడు ముడి 11 మీటర్లకు పైగా వైరుతో సమానం! అక్కడ 0.58 వోల్టు పోతుంది. 1.7 వాట్ల వేడి ఒక్క చోట పుడుతుంది. అలాంటివి పోయే దారిలో ఒకటి, స్విచ్చిలో ఒకటి, ఎర్త్ దగ్గర ఒకటి ఉంటే బల్బుకు చేరేది పదిన్నర వోల్టులే.

పదిన్నర అంటే ఎనిమిదో వంతే తగ్గింది కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు అలా ప్రవర్తించదు. వోల్టేజి తగ్గితే తీగ వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే వెలుగు దానికంటే ఎన్నో రెట్లు పడిపోతుంది. వెలుగు వోల్టేజి 3.4వ ఘాతంతో మారుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ లెక్కన పదిన్నర వోల్టుల దగ్గర హెడ్‌లైటు తన వెలుగులో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంటుంది. రంగు కూడా తెలుపు నుంచి పసుపుకు దిగుతుంది. బల్బు పాతబడిందని మనం కొత్తది కొంటాం. అదీ పసుపుగానే వెలుగుతుంది.

వోల్టేజి ఎక్కువుంటే నష్టం ఎందుకు తక్కువో తెలుసుకోవడానికి ఈ ప్రాంతం పక్కనే చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. కుప్పానికి ఉత్తరాన, కర్ణాటక సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చింది. లైను పొడవు దాదాపు 147 కిలోమీటర్లు, ఆ కాలంలో ప్రపంచంలోని అతి పొడవైన లైన్లలో ఒకటి. మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ కాలంలో తలపెట్టిన పని అది. అంత దూరం తీగల్లో నష్టం లేకుండా పంపాలంటే ఒక్కటే మార్గం, వోల్టేజిని వేలల్లోకి పెంచడం. అదే శక్తిని ఎక్కువ వోల్టేజిలో పంపితే కరెంటు తగ్గుతుంది, నష్టం కరెంటు వర్గంతో తగ్గుతుంది.

మోటారు సైకిళ్లు 6 వోల్టుల నుంచి 12కు మారడం వెనక ఉన్నది సరిగ్గా ఈ గణితమే. పాత 6 వోల్టుల జావా మీద 35 వాట్ల బల్బు పెడితే 5.8 ఆంపియర్లు కావాలి. అదే 0.2 ఓమ్‌ల ముడి అక్కడ 1.2 వోల్టులు మింగేస్తుంది. ఆరులో దాదాపు ఐదో వంతు! వేడి నాలుగింతలు. 12 వోల్టుల బండి ఓర్చుకునే ముడిని 6 వోల్టుల బండి ఓర్చుకోలేదు. పాత జావా లైట్లకు వచ్చిన చెడ్డపేరులో చాలా భాగం తుప్పు పట్టిన అతుకులకు చెందాల్సింది.

రెండు రాగి తీగలు గట్టిగా మెలిపెడితే అంత నిరోధం ఎక్కడి నుంచి వస్తుంది? కంటికి అవి నిలువునా ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తాయి. కేంబ్రిడ్జిలో ఫ్రాంక్ ఫిలిప్ బౌడెన్, డేవిడ్ టేబర్ 1939లో దీన్నే కొలిచారు. ఆనుకున్న రెండు లోహాల గుండా కరెంటు పంపి, నిజంగా తగులుతున్న వైశాల్యం ఎంతో లెక్కగట్టారు. పైకి కనిపించే వైశాల్యంలో అది అతి చిన్న భాగమని తేలింది. ఎంత నున్నటి లోహమైనా సూక్ష్మంగా మిట్టపల్లాలే. మిట్టలు మాత్రమే మిట్టలకు తగులుతాయి. కరెంటు మొత్తం ఆ కొద్ది చుక్కల గుండా దూరాలి. గట్టిగా నొక్కితే మిట్టలు చితికి చుక్కలు పెరుగుతాయి. అందుకే వైరు కొసకు తొడిగి ప్లయరుతో నొక్కిన లగ్గు నిలబడుతుంది, వేళ్లతో తిప్పిన మెలిక నిలబడదు.

మెలిపెట్టిన రోజున ముడి నిరోధం చాలా తక్కువే ఉంటుంది. అందుకే ఆ పూట లైటు చక్కగా వెలుగుతుంది. కాలం దాన్ని చెడగొడుతుంది. ఒంటి సిలిండరు బుల్లెట్టు అదురుకు తీగలు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి కదులుతాయి. కదిలిన ప్రతిసారీ కొత్త రాగి బయటపడి గాలి తగిలి ఆక్సైడు పడుతుంది. ఆక్సైడు కరెంటును సరిగా పోనివ్వదు. తగిలే చుక్కలు తగ్గుతాయి, మిగిలిన చుక్కల మీద వేడి పెరుగుతుంది, వేడికి ఆక్సైడు ఇంకా త్వరగా పడుతుంది. బండి ఆపితే చల్లబడి ముడుచుకుంటుంది, నడిపితే వ్యాకోచిస్తుంది, ఈ ఉచ్ఛ్వాస నిశ్వాసాల్లో ముడి వదులవుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలం రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. ఆరుబయట నిలిపిన బండి మీద మంచు పడి తెల్లారేసరికి చెమ్మ టేపు మడతల్లోకి దిగుతుంది. టేపు జిగురు ఆ చెమ్మను బయటికి పోనివ్వదు. నా బండిలో టేపు విప్పితే లోపల రాగి కనిపించలేదు, ఆకుపచ్చ పొడి కనిపించింది.

ఇంతవరకూ చెప్పినది లైటు మసకబారే సంగతి. ఫ్యూజు చోట రాగి పోగులు పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. ఈ రెండు తప్పులనూ ఒకే గాటన కట్టకూడదు.

ఫ్యూజు అంటే దారిలో కావాలని పెట్టిన బలహీనత. మిగతా వైర్లన్నిటికంటే ముందు అది కరగాలి. తీగ ఎంత సన్నగా ఉంటే ఎంత కరెంటుకు కరుగుతుందో బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ 1880లలో కొలిచి సూత్రం ఇచ్చాడు. ఆ సూత్రం ప్రకారం 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు ఒకటి ఏడు ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. ఇంటి వైరులోంచి అలాంటివి ఐదారు లాగి పేనితే 35, 40 ఆంపియర్ల దాకా కరగదు. బండి వైర్లు తట్టుకునేది అందులో సగం కూడా ఉండదు. అంటే వరస తారుమారైంది. ఫ్యూజును కాపాడటానికి ఇప్పుడు వైరింగు కాలుతుంది.

ఎక్కడో ఒక వైరు తోలు ఊడి ఫ్రేముకు తగిలిందనుకోండి. బ్యాటరీ లోపలి నిరోధం ఓమ్‌లో వందో వంతుల లెక్క. తగిలిన క్షణంలో కరెంటు బండి వైర్లు తట్టుకునే స్థాయిని ఎంతో దాటగలదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ కావాలి కాబట్టి తీగ ఇంకా నిలిచే ఉంటుంది. దాని పైనున్న పీవీసీ తోలు వంద డిగ్రీలు దాటాక మెత్తబడి జారిపోతుంది. పక్క వైర్లు బయటపడి అవీ కలుస్తాయి. ఆ వైర్ల కట్ట సరిగ్గా పెట్రోలు ట్యాంకు కింద నుంచి పోతుంది. ఇంతకంటే చెప్పక్కర్లేదు. పాత బండి కొన్నవాళ్లు మరేమీ చేయకపోయినా, ఇంటికి తెచ్చిన పూటే ఫ్యూజు హోల్డరు తెరిచి చూడాలి. అందులో సిగరెట్టు కాగితం, పిన్నీసు, పోగులు ఏవి కనిపించినా, వాటిని తీసి సరైన ఫ్యూజు పెట్టేదాకా బండి కదపకూడదు.

కొత్త ఫ్యూజు పెట్టగానే కొట్టేస్తుంటే? ముందు యజమాని పోగులు పెట్టింది బహుశా అందుకే. ఎక్కడో షార్టు ఉంది. దాన్ని వెతకడానికి ఫ్యూజులు కాల్చుకుంటూ పోనక్కర్లేదు. ఫ్యూజు చోట 21 వాట్ల బ్రేకు లైటు బల్బు ఒకటి రెండు వైర్లతో తగిలించాలి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. మొత్తం దారిలో అదే ఏకైక నిరోధం కాబట్టి 1.75 ఆంపియర్లకు మించి కరెంటు పోదు, ఏదీ కాలదు. ఇప్పుడు స్విచ్చిలన్నీ ఆపేసి, హ్యాండిలు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాలి. వైర్ల కట్టను అడుగడుగునా కదపాలి. బల్బు ఎక్కడ ఆరితే లేదా మసకబారితే షార్టు అక్కడే. సాధారణంగా దొరికే చోట్లు మూడు నాలుగే: హ్యాండిలు తిరిగేచోట మెడ దగ్గర, ట్యాంకు బోల్టు కింద నలిగినచోట, సీటు స్ప్రింగులు ఒరుసుకునేచోట, వెనక మడ్‌గార్డు లోపల రాళ్లు కొట్టేచోట. నా బండిలో మెడ దగ్గరే దొరికింది. ఎర్ర వైరు పొట్టిగా ఉండటంతో హ్యాండిలు కుడికి తిప్పినప్పుడల్లా ఫ్రేము అంచుకు కోసుకుపోయేది. గతుకుల్లో ఆరి వెలగడానికి కారణం అది.

ముడులను పట్టుకోవడం షార్టును పట్టుకోవడం కంటే కష్టం, ఎందుకంటే అవి పని చేస్తూనే ఉంటాయి. చాలామంది మల్టీమీటరును బీప్ మోడులో పెట్టి వైరు రెండు కొసలూ తాకిస్తారు. బీప్ వస్తే వైరు బాగుందంటారు. ఈ పరీక్ష నమ్మదగింది కాదు. మీటరు ఆ పరీక్షలో పంపేది మిల్లీ ఆంపియరు స్థాయి కరెంటు. వైరులో అన్ని పోగులూ తెగి ఒక్కటే మిగిలినా ఆ కాస్త కరెంటు హాయిగా దాటుతుంది. హెడ్‌లైటుకు కావలసిన మూడు ఆంపియర్లు అదే పోగు గుండా పోవాల్సి వచ్చినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. వైరింగును లోడు మీద ఉండగానే పరీక్షించాలి.

పద్ధతి ఇది. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, హెడ్‌లైటు వేసి ఉంచి, ఒక మొనను బ్యాటరీ ప్లస్సుకు, రెండోదాన్ని బల్బు హోల్డరు ప్లస్సుకు తాకించాలి. మీటరు చూపేది బల్బు వోల్టేజి కాదు, దారిలో పోయిన వోల్టేజి. అర వోల్టు లోపు ఉంటే ఆ దారి జోలికి పోనక్కర్లేదు. అంతకు మించితే రెండో మొనను బల్బు నుంచి వెనక్కి ఒక్కో అతుకూ దాటిస్తూ రావాలి. స్విచ్చికి ఇవతల, అవతల. తాళానికి ఇవతల, అవతల. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే దొంగ అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత మైనస్సు వైపు కూడా ఇంతే: బల్బు ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్సుకు. ఈ రెండో సగం ఎవరూ చేయరు, సగం రోగాలు అక్కడే ఉంటాయి. ఏ వైరూ కోయకుండా, ఏ టేపూ విప్పకుండా, ఓమ్ సూత్రంతో బండి లోపలికి చూడటం ఇది. నాకు ఈ పరీక్ష చేసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

బుల్లెట్టుకు ఇంకో భాగ్యం ఉంది. దాని తలకాయ మీద స్పీడోమీటరు దగ్గరే చిన్న అమ్మీటరు ఉంటుంది. బ్యాటరీలోకి కరెంటు పోతుంటే ముల్లు ఒకవైపు, బ్యాటరీ నుంచి వస్తుంటే ఇంకోవైపు వాలుతుంది. పాయింట్లు ఉన్న పాత బుల్లెట్టు తొక్కేవాళ్లకు దీనితో గాఢమైన అనుబంధం. తాళం తిప్పి కిక్కరును మెల్లగా దించుతుంటే పాయింట్లు మూసుకున్నప్పుడు ఇగ్నిషన్ కాయిల్ మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది, ముల్లు డిస్చార్జి వైపు వాలుతుంది. పాయింట్లు తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. అప్పుడు డీకంప్రెషన్ లివరు పట్టుకుని పిస్టన్‌ను ఇంకాస్త దాటించి, వదిలి, ఒక్క తన్ను. ఓమ్ సూత్రం పేరు వినని మనిషి కూడా పాదంతో, కంటితో ఒక విద్యుత్ వలయాన్ని చదువుతున్నాడన్నమాట. కానీ అదే అమ్మీటరు వెనక రెండు చిన్న స్క్రూలున్నాయి. బ్యాటరీకి వచ్చిపోయే కరెంటులో ఎక్కువ భాగం వాటి గుండానే పోవాలి. అదురుకు అవి వదులవుతాయి. నా బండిలో ఒక్క చోటే వోల్టుకు పైగా పోయింది అక్కడే. స్క్రూ తల కింద వైరుకు లగ్గే లేదు, పోగులు చుట్టి బిగించారు. సగం పోగులు అప్పటికే ఊడిపోయాయి.

బుల్లెట్టును పక్కన పెడితే, చిన్న బళ్లలో మన ప్రాంతంలో తరచుగా కనిపించే ఇంకో మార్పు హెడ్‌లైటును "డీసీ చేయించడం". చాలా పాత బళ్లలో హెడ్‌లైటుకు బ్యాటరీతో సంబంధం ఉండదు. ఇంజను తిరిగితే మాగ్నెటోలో ఒక చుట్ట నుంచి నేరుగా ఏసీ వస్తుంది. బండి నిదానిస్తే లైటు తగ్గుతుంది. ఇది నచ్చక వైరు మార్చి బ్యాటరీకి కలుపుతారు. లైటు నిలకడగా వెలుగుతుంది, వారం తిరిగేసరికి బ్యాటరీ పడుకుంటుంది. కారణం జమాఖర్చులే. అలాంటి బళ్లకు 12 వోల్టుల, 2.5 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉంటుంది. 35 వాట్ల లైటు దాన్ని గంటలోపే ఖాళీ చేయగలదు. చార్జింగు చుట్ట ఇండికేటర్లకు, హారన్‌కు సరిపడేంతే ఇస్తుంది. బ్యాటరీ మారిస్తే ప్రయోజనం లేదు. వైరును యథాస్థానానికి మార్చాలి, లేదంటే తక్కువ వాట్ల ఎల్‌ఈడీ వేసి ఖర్చు తగ్గించాలి. పెద్ద హాలోజన్ మోజు కూడా ఇలాంటిదే. 100 వాట్ల బల్బు ఎనిమిది ఆంపియర్లు అడుగుతుంది. పాత డిమ్-డిప్ స్విచ్చి దానికి పుట్టలేదు. అంత వెలుగు నిజంగా కావాలంటే, ఆల్టర్నేటరుకు ఆ సత్తా ఉంటే, మధ్యలో రిలే పెట్టాలి. రిలే కాయిల్‌కు ఆంపియరులో ఆరేడో వంతు చాలు. స్విచ్చి ఆ కాస్త మోస్తుంది, పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందపు వైరులో బల్బుకు పోతుంది.

మరమ్మతు మొదలుపెట్టే ముందు "మొత్తం పీకేసి కొత్త కిట్టు వేద్దాం" అనే సలహా తప్పక వస్తుంది. వైర్లన్నీ పెళుసుబారి, వంచితే తోలు పగిలిపోతుంటే ఆ సలహా సరైనదే. లేకపోతే నేను ఒప్పుకోను. కంపెనీ వైరులో చాలా భాగం ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉంటుంది, చెడింది అతుకులే. దానికి తోడు బజారులో దొరికే కొన్ని కిట్లలో రాగి మందం పాతదానికంటే తక్కువ. ముందుగా బ్యాటరీ మైనస్సు విప్పాలి, ఆ తర్వాతే ప్లస్సు. ప్లస్సు విప్పుతున్న స్పానరు ఫ్రేముకు తగిలినా అప్పుడు ప్రమాదం ఉండదు. ఉన్నది ఉన్నట్టు కాగితం మీద గీసుకోవాలి. తరువాత ముందు యజమాని కలిపిన వైర్లను ఒక్కొక్కటిగా తీసేసి, అదే రంగు, అదే మందం ఉన్న వాహనాల వైరు వేయాలి. రంగు అందం కోసం కాదు, రేపు చీకట్లో టార్చి పట్టుకుని వెతికేవాడి కోసం.

అతుకు సోల్డరు చేయాలా, లగ్గు నొక్కాలా అని మేస్త్రీల మధ్య వాదన ఉంది. సోల్డరు చేసిన అతుకు నిరోధం తక్కువే. కానీ కరిగిన సీసం పోగుల మధ్య పాకి కొంతమేర వైరును కడ్డీలా బిగుసుకుపోయేలా చేస్తుంది. అదిరే బండిలో ఆ బిగుసుకున్న భాగం, మెత్తటి వైరు కలిసేచోట వైరు అదేపనిగా వంగి, లోహం అలసి తెగుతుంది. కాబట్టి కదిలేచోట్ల సరైన ప్లయరుతో నొక్కిన లగ్గే నా ఓటు. సోల్డరు చేయక తప్పకపోతే అతుకుకు రెండువైపులా వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, కదలకుండా ఫ్రేముకు కట్టాలి. నల్ల టేపును ఇన్సులేషన్‌గా నమ్మకూడదు, కట్ట కట్టడానికి మాత్రం పనికొస్తుంది. మడ్‌గార్డు, హెడ్‌లైటు నుంచి బ్యాటరీ మైనస్సుకు విడిగా ఎర్త్ వైరు లాగితే పెయింటు, తుప్పు గొడవే ఉండదు. ఇది కంపెనీ చేయని పని, అయినా పాత బండికి నేను చేసే మార్పుల్లో దీన్నే మొదట చేస్తాను. బ్యాటరీ కొసలకు, బోల్టులకు బిగించాక పల్చగా వ్యాజిలిన్ పూస్తే చెమ్మ చేరదు.

అంతా అయ్యాక మళ్లీ మీటరు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను కాస్త వేగంగా తిరుగుతుంటే 13.5 నుంచి 14.5 మధ్య నిలవాలి. అంతకు తక్కువైతే చార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీ ఉడుకుతుంది. హెడ్‌లైటు దారిలో పోతున్నది ఏ వైపునా అర వోల్టు మించకూడదు. ఈ అంకెలు వచ్చాక గీసుకున్న బొమ్మను శుభ్రంగా తిరగరాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి టూల్‌బాక్సులో ఉంచాలి. ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో, కొత్తగా ఎర్త్ ఎక్కడ లాగామో, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో, ఏ తేదీన ఎన్ని వోల్టులు వచ్చాయో దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా చెమ్మకు కారిపోతుంది. దానితో పాటు సరైన ఫ్యూజులు రెండు, మూర పొడవు మందపు వైరు, నాలుగు లగ్గులు.